ట్రెఫన్ కలిపిన పెట్రోలు

తాడు లాగితే ఇంజను ఒక్కసారి దగ్గి ఊరుకుంది. ఒలింకా మళ్ళీ లాగింది. ఈసారి ఆ దగ్గు కూడా రాలేదు.

కుస్కోక్విం నది ఒడ్డున బురదలోకి సగం లాగి పెట్టిన రేకు పడవ అది. దాని వెనక చెక్కకి బిగించి ఉంది పదిహేను హార్స్‌పవర్ కిక్కరు. ఆ నది పొడుగునా చిన్న పడవ ఇంజన్ని అందరూ కిక్కరనే అంటారు. నిన్న కూడా ఇలాగే చేసింది. లాగి లాగి భుజం ఊడొచ్చాక ఎప్పటికో అంటుకుంది, గుడగుడలాడుతూ కాస్త దూరం పోయింది, నది నడిమధ్యకి చేరగానే చచ్చిపోయింది. మార్ఫా తన పడవకి తాడు కట్టి లాక్కొచ్చింది కాబట్టి సరిపోయింది.

రేపు పొద్దున్నే వలలు వేసుకోవచ్చని, సాయంత్రానికల్లా తీసెయ్యాలని రేడియోలో చెప్పారు. కింగ్ సాల్మన్ చేపలు పట్టడానికి ఈ వేసవిలో ఇచ్చిన అనుమతి అదొక్కటే. మళ్ళీ ఇస్తారో లేదో ఎవరికీ తెలీదు. ఈ సాయంత్రం లోపల ఇంజను నిలబడితే అత్తాకోడళ్ళు ఎగువన ఉన్న తమ చేపల మకాముకి వెళ్తారు. నిలబడకపోతే అత్త నస్టాసియా వలని మార్ఫా చేతిలో పెట్టేస్తుంది. ఆ మాట పొద్దున టీ తాగుతూ చెప్పేసింది. “వల ఎండిపోతూ ఊరికే ఉండకూడదు. వాళ్ళు పట్టి మనకింత పెడతారులే, పోయిన చలికాలంలో పెట్టలేదూ?”

పెట్టారు. ఊళ్ళో ఎవరూ తక్కువ చెయ్యలేదు. గుమ్మంలో గిన్నె పెట్టి, పిల్ల బుగ్గ ముట్టుకుని, ఒలింకా మొహంలోకి చూసీ చూడనట్టు చూసి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ తిండి నోట్లో పెట్టుకుంటే ఉప్పగా ఉందో చప్పగా ఉందో ఆమెకి తెలిసేది కాదు. మింగేది. గిన్నె కడిగి తిరిగిచ్చేది. ఒక్క చేపైనా తన చేత్తో తను పట్టి ఇంట్లోకి తెచ్చుకోవాలని ఎప్పుడో ఒకనాడు గిన్నె తుడుస్తూ అనుకుంది. ఆ కోరిక ఒకటే ఎందుకో పోకుండా ఉండిపోయింది. మిగతా కోరికలు ఎటు పోయాయో ఆమె వెతుక్కోలేదు.

ఆమె మొగుడు ట్రెఫన్ పోయినేడు నది గడ్డకట్టీ కట్టని రోజుల్లో మంచుబండి ఎక్కి వెళ్ళాడు. గడ్డ విరిగింది. ఊరి మగాళ్ళు కర్రలతో, కొక్కేలతో వెతికి తీసుకొచ్చారు. అప్పటికి ఒలింకా నిండు మనిషి. నడి చలికాలంలో ఆడపిల్ల పుట్టింది. ట్రెఫన్‌కి వాళ్ళ యుపిక్ తెగ పెద్దలు పెట్టిన పేరు అంగల్గాక్. ఆ పేరే పిల్లకి పెట్టారు. పోయినవాడి పేరు ఎవరికి వస్తే ఆ మనిషి వాళ్ళలోకి వచ్చినట్టే, ఆడా మగా అన్న పట్టింపు లేదు. అందుకని నస్టాసియాకి ఆ పిల్ల కొడుకు. ట్రెఫన్ మేనమామ కూతురైన మార్ఫాకి ఆ పిల్ల బావ. వచ్చినవాళ్ళందరూ ట్రెఫన్‌తో తమకున్న వరసే పెట్టి పిల్లని పిలుస్తారు. ఒలింకా ఒక్కతే ఏ పేరూ పెట్టి పిలవదు. “ఇదిగో” అంటుంది. “రా” అంటుంది. పిల్ల నిద్రపోతుంటే మాత్రం పదేపదే వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఊపిరి తగిలితే వెనక్కి వస్తుంది. వచ్చి కూచున్నాక, నిజంగా తగిలిందా లేక తనకలా అనిపించిందా అని మళ్ళీ లేస్తుంది.

ఇప్పుడూ తాడు వదిలేసి ఒడ్డు వైపు చూసింది. నస్టాసియా బోర్లించిన బకెట్టు మీద కూచుని వలలో చిరుగులు అల్లుతోంది. పిల్ల ఆమె ఒళ్ళో గుడ్డల్లో చుట్టి ఉంది. కదులుతోంది. సరే.

“ఏంటే, నీ కిక్కరు ఇవాళైనా మాట వింటోందా?” ఒడ్డు మీద నుంచి కేక. మార్ఫా రబ్బరు బూట్లు బురదలో తపతపలాడిస్తూ వచ్చింది. చేతిలో స్పానర్ల సంచి. మనిషి భారీగా ఉంటుంది, నోరు అంతకన్నా భారీ. వస్తూనే నస్టాసియా ఒళ్ళోకి వంగింది. “ఏం బావా! నీ ఇంజను నీలాగే తయారైంది. పొద్దెక్కినా లేవదు, లేచినా పనిచెయ్యదు. అమ్మ ఒళ్ళో పడుకుని మమ్మల్ని బురదలో తొక్కిస్తావా? సిగ్గులేదూ?”

పిల్ల నోరు తెరిచి చూసింది.

“సిగ్గే? వాడికా?” అంది నస్టాసియా వల మీంచి కళ్ళెత్తకుండా.

ఒలింకా తాడు పట్టుకుంది. “అక్కా, చోకు లాగాను. పెట్రోలు గొట్టం మీది రబ్బరు బుడ్డి గట్టిగా అయ్యేదాకా నొక్కాను. అంటుకోవట్లేదు.”

“ఎన్నిసార్లు లాగావు?”

“చాలాసార్లు.”

“చోకు వేసే చాలాసార్లు లాగావా? ఓసి నీ దుంపతెగా, దానికి గొంతుదాకా తాగించేశావు. వాసన చూడు.” మార్ఫా పడవలోకి ఎక్కింది. పడవ అటు ఒరిగింది. “చోకు లోపలికి నెట్టు. యాక్సిలరేటరు పూర్తిగా తిప్పు. ఇప్పుడు లాగు. ఊఁ, ఇంకోటి. ఇంకోటి.”

నాలుగో లాగుడికి నీలం పొగ కక్కుతూ అంటుకుంది. రెండు నిమిషాలు వణికింది. ఒలింకా గేరు వేసింది, అంతే, గొంతు నొక్కినట్టు ఆగిపోయింది.

“దరిద్రపుగొట్టు...”

“మార్ఫా,” అంది నస్టాసియా. “దాన్ని తిట్టకు. వింటుంది.”

“వింటే మంచిదే కదా అత్తా, వినడానికే తిడుతున్నా.” కానీ గొంతు తగ్గించింది. స్పానరు తీసి ప్లగ్గు విప్పింది. చివర నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంది. ఒలింకా ఇనప బ్రష్షుతో రుద్దింది. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. ఇన్నాళ్ళూ అలాగే పనిచేశాయి, వంట చేశాయి, పిల్ల గుడ్డలు ఉతికాయి. ఎవరివో చేతులు పక్కన కూచుని చూస్తున్నట్టు ఉంటుంది ఆమెకి.

“కరెంటు వస్తోందో లేదో చూద్దాం. ఇలా రా.” ప్లగ్గుని వైరుకి తగిలించి, దాని మరల వైపు ఇంజను ఇనుముకి ఆనించింది మార్ఫా. ఎండలో నిప్పురవ్వ కనపడదు. అందుకని కోటు విప్పి ఇద్దరి తలల మీదా కప్పింది. చీకటి. మార్ఫా ఊపిరి టీ వాసన, ఎండుచేప వాసన వేస్తోంది. “లాగు.”

ఒలింకా కోటు లోపల్నించే చెయ్యి చాచి తాడు లాగింది. చీకట్లో నీలంగా టక్కుమంది. మళ్ళీ లాగింది. మళ్ళీ టక్కుమంది.

“ఉంది. బాగానే ఉంది,” అంది మార్ఫా. కాసేపు కోటు తియ్యలేదు. “నువ్వు ఏడుస్తున్నావా?”

“లేదు.”

“పోనీ ఏడవాలనుంటే ఇందులో ఏడువు. ఎవరికీ కనపడదు.”

“రావట్లేదక్కా.”

మార్ఫా కోటు తీసేసింది. వెలుతురు కళ్ళల్లో గుచ్చుకుంది. “సరే. కరెంటుకి లోటు లేదు. అయితే తంటా అంతా అది తాగే దాంట్లోనే ఉంది. జాం సీసా ఏదన్నా ఉందా?”

ఖాళీ జాం సీసాలోకి ట్యాంకులోంచి కాస్త పెట్రోలు వంపారు. ఎండకి ఎత్తి పట్టుకుని చూసింది మార్ఫా. డికాషన్ రంగులో ఉంది. అడుగున నీళ్ళు కప్పగుడ్లలా ముద్దలు కట్టి అటూ ఇటూ దొర్లుతున్నాయి. వాసన పాత వార్నిష్‌లా ఉంది.

“ఇదేం పెట్రోలే? ఎప్పటిది?”

ఒలింకా ట్యాంకు వైపు చూసింది. ట్రెఫన్ మూస్ దుప్పుల వేటకి వెళ్ళేముందు, ఆకులు రాలే రోజుల్లో, ఇదే ఒడ్డున గొంతుక్కూచుని రేకు డబ్బాతో ఆయిలు కొలిచి కలిపాడు. వేట నుంచి వచ్చాక సగం ట్యాంకు మిగిలింది. ట్యాంకుని షెడ్డులోకి తీసుకెళ్ళి పెట్టింది కూడా అతనే. ఒలింకా ఎండాకాలం మొదట్లో దాన్ని బయటికి తెచ్చినప్పుడు ఊపి చూసింది. లోపల తొణికింది. ఇంకా ఉంది అనుకుంది. అంతకుమించి అనుకోలేదు.

“పారబోసేద్దాం. నా దగ్గర కొత్తది ఉంది,” అంది మార్ఫా.

“వద్దు,” అంది నస్టాసియా.

ఇద్దరూ చూశారు. ముసలావిడ వల పక్కన పెట్టింది. “అది వాడు కలిపింది.”

“అత్తా, అందులో నీళ్ళు పడ్డాయి. నీళ్ళతో ఇంజను నడుస్తుందా?”

“వాడు కొలిచి కలిపాడు. ఎప్పుడూ చెయ్యి తప్పేవాడు కాదు.”

“కలిపినప్పుడు బాగానే ఉండుంటుంది. చలికాలమంతా కూచుంది కదా. మనిషే చెడిపోతాడు కూచుంటే.”

“ఒకరి వస్తువు వాళ్ళని అడక్కుండా పారెయ్యకూడదు.” నస్టాసియా ఆ మాట గట్టిగా అనలేదు. చలేస్తోంది అన్నంత మామూలుగా అంది.

మార్ఫా సీసా పట్టుకుని నిలబడిపోయింది. ఒలింకాకి ఏమనిపించాలో తెలియలేదు. పెట్రోలు పారబొయ్యకపోతే ఇంజను తిరగదు. ఇంజను తిరక్కపోతే వల పోతుంది. పారబోస్తే ముసలావిడ... అక్కడితో ఆలోచన ఆగిపోయింది, ఇంజను ఆగినట్టే.

“సరే మరి, అడుగు,” అంది మార్ఫా ఉన్నట్టుండి. “అడగడానికి ఎంత దూరం పోవాలి? మనిషి నీ ఒళ్ళోనే ఉన్నాడుగా.”

వేళాకోళానికే అంది. కానీ నస్టాసియా నవ్వలేదు. పిల్లని లేపి తన మోకాళ్ళ మీద నిలబెట్టి మొహంలో మొహం పెట్టింది. మార్ఫా సీసా అందిస్తే పిల్లకి చూపించింది.

“నాన్నా, అంగల్గాక్. చూడు. నువ్వు కలిపిన పెట్రోలు. చెడిపోయింది. తప్పు నీది కాదు, చలిది. రేపు చేపలు పట్టుకోవాలి. నీ పెళ్ళాం ఇంజను లాగలేక చస్తోంది. పారబోస్తాం. ఏమంటావు?”

పిల్ల సీసా వంక చూసింది. ముసలావిడ ముక్కు వంక చూసింది. ఏమీ అనలేదు.

“ఊఁ అన్నాడు,” అంది మార్ఫా.

“అనలేదు. తొందరపెట్టకు.”

ముగ్గురూ ఎదురుచూశారు. నీళ్ళు పడవ అడుగుని నాకుతున్నాయి. అవతలి గట్టు మీద ఎవరో రంపం కోస్తున్నారు. ఒలింకా చేతిలో ప్లగ్గు అలాగే పట్టుకుని నిలబడింది. పిల్ల మొహం కొంచెం కొంచెంగా ఎర్రబడింది. కనుబొమలు ముడిపడ్డాయి, పిడికిళ్ళు బిగిశాయి. తర్వాత గుడ్డల్లోంచి నదికి అవతలి ఒడ్డుదాకా వినపడేంత చప్పుడొచ్చింది.

“సంతకం పెట్టేశాడమ్మో మా బావ!” మార్ఫా తొడలు చరుచుకుంది. “కిందా మీదా ముద్ర కూడా వేసేశాడు! ఇంకా ఏం కావాలి అత్తా నీకు?”

నస్టాసియా నవ్వింది. పళ్ళు లేని నోటితో, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వింది. నది గడ్డకట్టినప్పటి నుంచీ ఆమె నవ్వడం ఎవరూ చూడలేదు. ఒలింకా చూసింది. అద్దం అవతలి గదిలో ఎవరో నవ్వుకుంటుంటే చూసినట్టు చూసింది. బాగుందనుకుంది. అంతే.

నవ్వు తగ్గాక నస్టాసియా లేచి, ట్యాంకు తనే మోసుకుంటూ పోయి, ఒడ్డు పైన పాత నూనెలు పోసే పీపాలోకి వంపింది. చివరి చుక్క కారేదాకా వంచి పట్టుకుంది. ఖాళీ ట్యాంకు తెచ్చి పడవలో పెట్టింది.

మార్ఫా కార్బురేటరు అడుగు మర విప్పి అందులో నీళ్ళు కారబెడుతుంటే, ఒలింకా పిల్లకి గుడ్డ మార్చి పాలసీసా అందించింది. చలికాలంలోనే ఆమెకి పాలు ఎండిపోయాయి. డబ్బా పాలే. పిల్ల ఆబగా పీలుస్తూ, పీలుస్తూ ఆగి కోపంగా కాళ్ళు తన్నింది. సీసా నోటి రబ్బరు లోపలికి పీక్కుపోయి అతుక్కుంది. ఒలింకా చూడకుండానే సీసా మూత కాస్త వదులు చేసింది. లోపలికి గాలి బుడగలు జరజరా పోయాయి. పిల్ల మళ్ళీ పీల్చింది. రోజుకి ఎన్నిసార్లు చేస్తుందో ఆ పని ఆమెకే తెలీదు.

మార్ఫా తన పెట్రోలు పోసింది. ఒలింకా ఆయిలు కలిపింది. ట్రెఫన్ రేకు డబ్బా ఉంది, దాంతోనే. పక్కన పిల్ల మొహం చిట్లిస్తే గబగబా ట్యాంకు మూత బిగించి, మూత మీదున్న చిన్న మర కూడా వేళ్ళు నొప్పెట్టేదాకా తిప్పింది. పెట్రోలు వాసన పిల్ల ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమన్నా అవుతుందేమోనని ఆమెకి ఒకటే బెంగ. క్లినిక్‌లో అడిగితే బయటి గాల్లోనే కదా, ఫర్లేదన్నారు. ఫర్లేదన్న మాట ఆమె ఇప్పుడు ఎవరు చెప్పినా నమ్మదు.

రుద్దిన ప్లగ్గు మళ్ళీ బిగించింది. చోకు లాగింది. బుడ్డి గట్టిపడేదాకా నొక్కింది. రెండో లాగుడికే అంటుకుంది. చోకు నెట్టింది. గేరు వేసింది. ఆగలేదు.

“అమ్మయ్య! బావా, నీ పెళ్ళాం మెకానిక్కైపోయిందోయ్!” మార్ఫా తన పడవ వైపు పరిగెత్తింది. ఆమె మకాం ఇంకా ఎగువన. “నేను ముందు పోతున్నా. సాయంత్రం మీ గుడిసెలోంచి పొగ కనపడకపోతే వెతుక్కుంటూ వస్తా. ఎక్కడన్నా ఆగితే ముందు ఆ బుడ్డి పట్టుకుని చూడు, ఒలింకా. చోకు పట్టుకుని వేలాడకు!”

వల, టీ కెటిల్, దుప్పట్లు, గట్టి బిస్కెట్ల పెట్టె పడవలో వేసుకుని వెళ్ళారు. నస్టాసియా పిల్లని కోటులోపల పెట్టుకుని ముందు కూచుంది. పిల్లకి తేలే జాకెట్టు తొడిగింది ఒలింకా. దాని పట్టీలు ఒకసారి సరిచూసి, మళ్ళీ సరిచూసింది. గాలి ఎదురుగా వస్తోంది. మార్ఫా పడవ మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

రెండో మలుపు దగ్గర ఇంజను గొంతు మారింది. పిలుస్తుంటే నిద్రలో పలికినట్టు పలికింది. ఒలింకా యాక్సిలరేటరు తిప్పింది. ఒకసారి ఎగశ్వాస తీసుకుని ఆగిపోయింది.

చప్పుడు పోగానే నది చప్పుడు మొదలైంది. ప్రవాహం పడవని పక్కకి తిప్పుకుని, కోసుకుపోయిన గట్టు వైపు తీసుకుపోతోంది. అక్కడ వేళ్ళతో సహా కూలిన చెట్లు నీళ్ళలోకి వాలి ఊగుతున్నాయి. వాటి కింద పడవ దూరితే బోల్తా కొడుతుందని ఆ ఊళ్ళో నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు.

నస్టాసియా ఒక చేత్తో పిల్లని అదుముకుని రెండో చేత్తో తెడ్డు తీసింది. ఒలింకా తాడు లాగింది. లాగింది. భయం వస్తుందని ఎదురుచూసింది, అది రాలేదు. ఇలాగే అవుతుందన్నమాట అనుకుంది. నీళ్ళు చల్లగా ఉంటాయి, జాకెట్టు పిల్లని కాసేపు తేలుస్తుంది. వేరెవరి గురించో చెబుతుంటే విన్నట్టుంది. చెయ్యి మాత్రం తాడు వదిలి చోకు మీదకి పోయింది. మార్ఫా తిట్టు చెవిలో పడి, అక్కడ్నించి బుడ్డి మీదకి పోయింది.

గొట్టం మధ్యలో రబ్బరు బుడ్డి గట్టిగా లేదు, మెత్తగానూ లేదు. పళ్ళూడిన బుగ్గలా రెండు వైపులా లోపలికి పీక్కుపోయి అతుక్కుని ఉంది. నొక్కితే ఉబ్బడం లేదు. ట్యాంకు నిండా పెట్రోలుంది. ఊపితే తొణుకుతోంది. ఉండీ రావడం లేదు.

అతుక్కుపోయిన రబ్బరు. పీల్చి పీల్చి కోపంతో కాళ్ళు తన్నే నోరు.

ఆమె వేళ్ళు ట్యాంకు మూత మీది మరని దొరకబుచ్చుకున్నాయి. తనే బిగించింది కదా, తిరగలేదు. పళ్ళతో తను తొడుక్కున్న కస్పక్ చొక్కా అంచు చింపి ఆ గుడ్డ చుట్టి తిప్పింది. ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది. ఎంతోసేపు పీల్చుకుంటూనే ఉంది. బుడ్డి కొద్దికొద్దిగా గుండ్రబడి చేతిలోకి వచ్చింది. నొక్కింది. గట్టిపడింది.

తాడు లాగింది. అంటుకుంది.

చెట్ల కొమ్మలు నస్టాసియా తల మీద నీళ్ళు చిలకరించేంత దగ్గరికి వచ్చి వెనక్కి పోయాయి. పడవ నది మధ్యకి తిరిగింది. తెడ్డు లోపల పెట్టి ముసలావిడ వెనక్కి చూసింది.

“ఏమైంది దానికి?”

“గాలి ఆడలేదు అత్తయ్యా. ట్యాంకు మర నేనే బిగించేశాను.” ఇంజను హోరులో అరిచి చెప్పాల్సి వచ్చింది. “పిల్లకి పెట్రోలు వాసన పడదని!”

నస్టాసియా కోటు తెరిచి లోపలికి చూసింది. పెట్రోలు వాసన పడవంతా పరుచుకుంది. పిల్ల ముక్కుపుటాలు ఎగరేసి, ఆవులించి, బుగ్గ ముసలావిడ రొమ్ముకి ఆనించి కళ్ళు మూసుకుంది.

“వాడికి ఆ వాసనంటే చిన్నప్పటి నుంచీ ఇష్టమే,” అంది నస్టాసియా. “ట్యాంకు మూత తీసి ముక్కు పెట్టేవాడు. వాళ్ళ నాన్న చేతిలో తన్నులు తినేవాడు.”

ఒలింకాకి ఆ సంగతి తెలీదు. అతనితో ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. పిల్ల ముక్కు వంక చూస్తూ, ఇంకా ఏమేం తెలీవో అనుకుంటూ, మకాం వచ్చేదాకా మర మీద వేలు పెట్టే కూచుంది.

మర్నాడు పొద్దున మబ్బుగా ఉంది. ఒలింకా వలని చూరు కింద నుంచి తీసి పడవలో పోసుకుని ఒక్కతే వెళ్ళింది. మకాం దిగువన నీళ్ళు వెనక్కి సుడి తిరిగే చోట ట్రెఫన్ ఎప్పుడూ వేసేవాడు. అప్పుడు ఆమె పడవ ముందు కూచుని తేలుడుబిళ్ళలు అందించేది. ఇప్పుడు ఒక కొస ఒడ్డున కట్టి, ఇంజను మెల్లగా వెనక్కి నడుపుతూ తనే వదిలింది. మధ్యలో ఒకచోట చిక్కుపడింది. విప్పింది. ఇంజను ఆగలేదు.

ఇంకా టీ కూడా తాగలేదు, వల తేలుడుబిళ్ళలు మూడు ఒక్కసారి మునిగాయి. వెళ్ళి వల ఎత్తితే వెండిరంగు వీపు, ఆమె చేయంత పొడుగు. పడవలో పడి తోకతో రేకుని బాదుతుంటే కర్ర తీసుకుని తల మీద ఒక్క దెబ్బ వేసింది. కింగ్. కొవ్వు పట్టి మెరుస్తోంది. మకాముకి తెచ్చి నస్టాసియా ముందు గడ్డి మీద పెట్టింది. ఏదో ఒకటి అనిపిస్తుందని నిలబడింది. అరిచేతులు చల్లగా ఉన్నాయి. జిగురుగా ఉన్నాయి.

ముసలావిడ చేప పొట్ట నిమిరి చూసింది. “మంచిది. అయితే ఇది మనకి కాదు.”

“ఏం?”

“ఇన్నాళ్ళూ వల వాడిది. నువ్వు పడవలో కూచున్నావు. ఇవాళ వల నువ్వు వేశావు. మొదట పట్టింది పట్టినవాళ్ళు తినకూడదు. పంచెయ్యాలి. ముక్క కూడా ఉంచుకోకుండా.” అర్ధచంద్రంలా ఉండే ఉలుఆక్ కత్తి ఆమె చేతిలో పెట్టింది. “కొయ్యి. నేను ముట్టుకోను.”

ఒక్క చేప తెచ్చుకోవాలనుకుంది. తెచ్చుకుంది. అది కూడా పోతోంది. ఒలింకా కత్తి వంక కాసేపు చూసి గొంతుక్కూచుని కోసింది. వంకరగా కోసింది. “వెన్నెముక దగ్గర మాంసం వదిలేస్తున్నావు,” అంది నస్టాసియా, మాట ఇచ్చినట్టే ముట్టుకోకుండా. “కుక్కలకి పండగ.” తల ఎగువ మకాంలో ఉండే ఎఫిమ్ తాతకి. ఊళ్ళో అందరికన్నా పెద్దవాడు, కళ్ళు మసక. పొట్ట ముక్కలు పక్క మకాం బాలింతకి. మిగిలింది మార్ఫా వాళ్ళకి, ఇంకా అటు వైపు ఉన్న రెండిళ్ళకి. ఒలింకా గిన్నెల్లో సర్ది మూతలు పెట్టింది. ఊళ్ళోవాళ్ళు తన గుమ్మంలోకి గిన్నెలు తేవడమే గాని తను ఒకరికి తీసుకెళ్ళి చాలాకాలమైంది. బాలింత గిన్నె తనే తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టి వచ్చింది. ఆ బాలింత మొహంలోకి చూడాలో వద్దో తెలియక పసివాడి బుగ్గ ముట్టుకుంది.

మిగతావి మార్ఫా వచ్చి పట్టుకెళ్ళింది. మధ్యాహ్నం దాటాక ఖాళీ గిన్నెలు మోగించుకుంటూ తిరిగొచ్చింది. ఒలింకా వల దగ్గర పడవలో ఉంది. మార్ఫా తన పడవ పక్కకి తెచ్చి ఆనించింది.

“ముసలాయన తల మొత్తం చీకేశాడు. కళ్ళు కూడా వదల్లేదు. ఎవరు పట్టారని అడిగాడు. ట్రెఫన్ పెళ్ళాం అన్నాను. ‘దానికి పేరు లేదా?’ అని కసిరాడు నన్ను. చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు.”

ఒలింకా వల తాడు చేతికి చుట్టుకుంది. “బాగుందన్నాడా?”

“పులుసులో ఉప్పు తక్కువైందన్నాడు.”

“పులుసు పెట్టింది నువ్వేగా అక్కా.”

మార్ఫా పడవలు రెండూ కొట్టుకునేలా నవ్వింది. “అత్తా! విన్నావా? నీ కోడలికి నోరు వచ్చింది!” అని ఒడ్డుకి కేకేసింది. ఒడ్డున నస్టాసియా పిల్లకి సీసా పడుతూ ఏమిటి, ఏమిటి అని అడుగుతోంది. గాలికి వినపడలేదు.

ఒలింకా నవ్వలేదు. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందా అని కొంచెం వింతగా ఉంది, అంతే. వల బరువుగా ఉంది. మోకాలు పడవ అంచుకి ఆనించి లాగింది. నీళ్ళ కింద వెండిరంగులో, పెద్దగా ఒకటి తిరిగింది, దాని వెనక ఇంకొకటి. మొప్పల దగ్గర దారం చిక్కుకుంది. చల్లటి నీళ్ళలో మణికట్టుదాకా చేతులు పెట్టి, తొందరపడకుండా, తెగకుండా విప్పడం మొదలుపెట్టింది. ఇవి ఇంటికే.